తుపాను, వరదల వేళ వ్యాపారస్తుల పాత్ర: నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వార్తల్లో వినపడగానే మా వర్తక సంఘం ఫోను మోగడం మొదలవుతుంది. రైసు మిల్లుల వాళ్లు, ఐసు ఫ్యాక్టరీల వాళ్లు, హేచరీల వాళ్లు, బంకుల వాళ్లు, కల్యాణ మండపాల వాళ్లు ఏటా అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. అందుకే జవాబులు ఒకచోట రాసిపెట్టాం. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. మేం చూసినంతలో, సెప్టెంబరులోపు కాగితం మీద పెట్టుకున్నదే నవంబరులో అక్కరకొచ్చింది. మిగతాదంతా ఆ పూట పరుగులే.

## వానలు మొదలవక ముందు

విపత్తులంటే ప్రభుత్వం చూసుకుంటుంది కదా, మధ్యలో మేమెందుకు?

2005 విపత్తుల నిర్వహణ చట్టం ప్రకారం జిల్లాలో బాధ్యత కలెక్టర్ అధ్యక్షతన ఉండే విపత్తుల నిర్వహణ ప్రాధికార సంస్థదే. అందులో సందేహం లేదు. కానీ చెట్టు కూలి రోడ్డు మూసుకుపోతే కావలసిన రంపం, జేసీబీ, కరెంటు పోతే కావలసిన జనరేటరు, నీళ్ల ట్యాంకరు, లారీ, డీజిలు ఎవరి దగ్గరున్నాయి? ఎక్కువ భాగం మన దగ్గరే.

2021 నవంబరు గుర్తు తెచ్చుకోండి. చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. సోమశిల నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా పెన్నలోకి వదిలారు. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, 16వ నంబరు జాతీయ రహదారి తెగింది. అట్లాంటప్పుడు బయటి నుంచి సాయం ఎంత తొందరగా బయలుదేరినా రోడ్డు ఉంటేనే కదా చేరేది. జాతీయ విపత్తు స్పందన దళం (ఎన్డీఆర్ఎఫ్) పదో బెటాలియన్ ఉండేది గన్నవరం దగ్గర కొండపావులూరులో. వాళ్లు చేరేలోపు ఊళ్లో ఉన్న యంత్రాలతోనే నెట్టుకురావాలి.

మాది చిన్న కిరాణా కొట్టు. ఇదంతా పెద్ద కంపెనీల పని కదా?

మీ వీధికి మీ కొట్టే పెద్ద కంపెనీ. రోడ్లు మూసుకుపోయిన రెండు రోజులు ఆ చుట్టుపక్కల యాభై ఇళ్లకు బియ్యం, పప్పు, పాలపొడి, కొవ్వొత్తులు, దోమల చుట్టలు అందేది అక్కడి నుంచే. కాబట్టి మీరు చెయ్యవలసిన మొదటి పని, సరుకు తడవకుండా చూసుకుని మర్నాడు షట్టరు తియ్యగలగడం. అక్టోబరు మొదట్లోనే కింది అరలు ఖాళీ చేసి, చక్కెర, ఉప్పు, పిండి పైఅరలకు ఎక్కించండి. ఖాతా పుస్తకం, జీఎస్టీ కాగితాలు, బీమా పాలసీ ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. ఖర్చు లేదు, ఒక పూట పని.

మాది సముద్రానికి దూరం, ఆత్మకూరు వైపు. మార్కాపురం వైపు వాళ్లకు అసలు తుపాను భయమే లేదు కదా?

గాలి భయం తక్కువ, నిజమే. నీళ్ల భయం మాత్రం పోదు. నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే కురుస్తుంది. పెన్న, గుండ్లకమ్మ, పాలేరు, మన్నేరు ఎగువన కురిసిన వానతో పొంగుతాయి, మీ ఊళ్లో ఎండ కాస్తున్నా సరే.

పడమటి ప్రకాశంలో ఎండ కూడా విపత్తే. మే నెలలో క్వారీల్లో, ఇటుక బట్టీల్లో పని వేళలు తెల్లవారుజామున మొదలుపెట్టి పదకొండు లోపు ముగించడం, నీడకు పందిరి, మజ్జిగ, ఓఆర్ఎస్ పెట్టడం యజమాని చెయ్యగల విపత్తు నివారణ. ఇక భూకంపాలు. 1967 మార్చిలో ఒంగోలు ప్రాంతం గట్టిగానే కదిలింది, 2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో స్వల్పంగా భూమి కంపించింది. గోడౌనులో బస్తాల నెట్లు మనిషి నడిచే దారి మీదికి వాలేట్టు పేర్చవద్దని చెప్పడానికి ఆ మాత్రం చాలు.

మా దగ్గరున్న జేసీబీ, జనరేటరు, ట్యాంకర్ల వివరాలు ఎవరికి ఇవ్వాలి?

మీ తహసీల్దారు కార్యాలయంలో ఇవ్వండి, ఒక కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి. ఏ యంత్రం ఎక్కడుందో నమోదు చేసే భారత విపత్తు వనరుల నెట్‌వర్క్ అని దేశవ్యాప్త జాబితా ఒకటి ఉంది. అందులోకి ఎక్కించేది జిల్లా యంత్రాంగమే.

జాబితాలో బండి నంబరు ఒక్కటే రాస్తే ఉపయోగం లేదు. రాత్రి రెండు గంటలకు ఫోనెత్తే డ్రైవరు పేరు, అతను ఏ ఊళ్లో పడుకుంటాడు, గంటకు డీజిలు ఎంత, రోజు బాడుగ ఎంత, బండి ఎక్కడ నిలబెడతారు, ఇవి రాయండి. డ్రైవరు ఇల్లు వాగు అవతల ఉంటే ఆ జేసీబీ లేనట్టే లెక్క. చీమకుర్తి క్వారీ యజమానులకు ఒక మాట ప్రత్యేకంగా: మీ ఎక్స్‌కవేటర్లు, క్రేన్ల సంగతి అందరికీ తెలుసు. గుంటల్లో నీళ్లు తోడే పెద్ద పంపుల సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాదు. ఒంగోల్లో పల్లపు కాలనీలు మునిగినప్పుడు ముందు కావలసినవి అవే. గొట్టం ఎన్ని మీటర్లుందో కూడా రాయండి.

వివరాలిస్తే బండ్లు లాక్కుపోతారని, డబ్బులు రావని మా వాళ్ల భయం. నిజమేనా?

వివరాలివ్వకపోయినా తీసుకునే అధికారం వాళ్లకుంది. 2005 విపత్తుల నిర్వహణ చట్టం 65వ సెక్షన్ కింద సహాయ పనులకు వాహనాలు, వస్తువులు, భవనాలు స్వాధీనం చేసుకోవచ్చు. 66వ సెక్షన్ కింద దానికి పరిహారం ఇవ్వాలి. వాహనానికైతే ఆ ప్రాంతంలో నడుస్తున్న బాడుగ రేట్లను బట్టి లెక్క కడతారు. లెక్క నచ్చకపోతే 30 రోజుల్లోపు మధ్యవర్తికి పంపమని దరఖాస్తు చేసుకోవచ్చు.

ఆలస్యం అయ్యేది ఎక్కువగా కాగితం లేకపోవడం వల్లే. నోటిమాట మీద బండి పంపితే ఆనక ఎవరు పిలిచారో తేలదు. అందుకే బాడుగ ముందే రాసుకోమంటున్నాం. ప్రతి రోజూ పని ముగిశాక వీఆర్వో చేతో, ఇంజనీరు చేతో లాగ్‌బుక్కులో గంటలు రాయించి సంతకం పెట్టించుకోండి. వానలో తడిసిన బుక్కు ఫొటో కూడా సాక్ష్యమే.

ఐసు ఫ్యాక్టరీ, రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లలో అమోనియా ఉంటుంది. తుపానుకు దానికి ఏంటి సంబంధం?

చాలా ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకునేవాళ్లే ఎక్కువ. రేకులు లేచి పైపుల మీద పడటం, వరద నీళ్లు కంప్రెసరు గదిలోకి రావడం, కరెంటు పోయి వచ్చినప్పుడు కంగారులో తప్పు వాల్వు తిప్పడం, ఇవన్నీ లీకుకు దారి తీసేవే. అమోనియా గాలి కంటే తేలికే. కానీ చల్లగా, తేమతో కలిసి బయటికొచ్చినప్పుడు మంచులాగా నేలబారున పాకుతుంది. అప్పుడది పక్క ఎస్టీ కాలనీ వైపు వెళ్తుందా, రోడ్డు వైపు వెళ్తుందా అన్నది గాలిని బట్టి. తుపాను దాటే రోజున ఆ గాలే దిక్కు మారుతుంది.

కప్పు మీద గాలి దిశ చూపించే గుడ్డ సంచి ఒకటి కట్టండి. సిలిండరుతో ఉండే శ్వాస మాస్కులు కనీసం రెండు ఉండాలి, అవి కంప్రెసరు గది బయట ఉండాలి. లోపల తాళం వేసి పెట్టిన మాస్కులు చాలాచోట్ల చూశాం, లీకయ్యాక వాటిని తెచ్చేదెవరు? పొగలా వచ్చే ఆవిరి మీద నీళ్లు తుంపరగా కొట్టాలి. కింద మడుగు కట్టిన ద్రవం మీద మాత్రం నీళ్లు పొయ్యకూడదు, ఇంకా ఉడికి లేస్తుంది. చుట్టుపక్కల వాళ్లకు ఏడాదికొకసారైనా చెప్పండి: ముక్కుకు తడిగుడ్డ పెట్టుకుని గాలికి అడ్డంగా పక్కకు పొండి, గాలి వెళ్లే వైపు పరుగెత్తవద్దు.

రసాయన ప్రమాదాలకు 1996 నిబంధనల కింద కలెక్టర్ అధ్యక్షతన జిల్లా సంక్షోభ బృందం ఉంటుంది. మీ యూనిట్‌లో ఎంత అమోనియా ఉందో, దాన్ని ఆపే వాల్వు ఎక్కడుందో ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకూ, దగ్గర్లోని ఫైర్ స్టేషనుకూ ఒక గీతల పటం గీసి ఇవ్వండి. పరిమాణం తక్కువని మానవద్దు.

మా కంపెనీ సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) డబ్బులు విపత్తు పనులకు వాడొచ్చా?

వాడొచ్చు. కంపెనీల చట్టం 7వ షెడ్యూలులో విపత్తుల నిర్వహణను 2019లో చేర్చారు. నికర విలువ 500 కోట్లు, టర్నోవరు 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి దాటిన కంపెనీ అయినా మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. సొంత ఉద్యోగులకు మాత్రమే మేలు చేసే పని లెక్కలోకి రాదు. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇచ్చింది కూడా సీఎస్ఆర్ కిందికి రాదని కేంద్రం 2020 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. పీఎం కేర్స్‌కు ఇచ్చింది వస్తుంది. వేరే సంస్థ ద్వారా చేయిస్తే దానికి సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోండి.

మా అభిప్రాయం అడిగితే, దుప్పట్లు పంచి ఫ్లెక్సీ కట్టేకంటే, తీర గ్రామంలో తుపాను షెల్టరుకు జనరేటరు, మరుగుదొడ్లకు నీళ్ల మోటారు పెట్టించండి. విడవలూరు, అల్లూరు, కొత్తపట్నం తీరాన ఏ సర్పంచినడిగినా ఏ షెల్టరులో ఏం చెడిపోయిందో చెబుతారు.

బీమా ఉంది, ఇక భయమెందుకు?

పాలసీ ఒకసారి తీసి చదవండి. తుపాను, వరద, మునక కవరు ఉందా? సరుకుకు ఉందా, భవనానికేనా? 2021 ఏప్రిల్ నుంచి చిన్న వ్యాపారాలకు రెండు ప్రామాణిక పాలసీలు వచ్చాయి: ఆస్తి విలువ 5 కోట్ల దాకా భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష, అక్కడి నుంచి 50 కోట్ల దాకా భారత్ లఘు ఉద్యమ్ సురక్ష.

మన మిల్లుల దగ్గర జరిగే పొరపాటు విలువ తగ్గించి రాయడం. 40 లక్షల ధాన్యం ఉంటే 20 లక్షలకు పాలసీ కడతారు. 10 లక్షల సరుకు తడిస్తే కంపెనీ మొత్తం ఇవ్వదు, అదే దామాషాలో 5 లక్షలే లెక్క కడుతుంది. ఈ రెండు పాలసీల్లో 15 శాతం దాకా తేడాను పట్టించుకోరు, అంతకు మించితే కోత తప్పదు. తుపాను పేరు టీవీలో వచ్చాక పాలసీకి పరుగెత్తితే ఫలితం ఉండదు.

## హెచ్చరిక వచ్చాక

టీవీలో ఒకటి, వాట్సాప్‌లో ఒకటి చెబుతున్నారు. షట్టరు వెయ్యాలా వద్దా, దేన్ని నమ్మాలి?

భారత వాతావరణ శాఖ బులెటిన్, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ సందేశం, ఈ రెండే. తుపానుకు వాతావరణ శాఖ నాలుగు దశల్లో చెబుతుంది: తీరం మీద ప్రభావానికి కనీసం 72 గంటల ముందు తొలి సూచన, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక, తీరం దాటడానికి 12 గంటల ముందు ఆ తర్వాతి పరిస్థితి. వీటికి మీ పనులు ముడి పెట్టుకోండి. 72 గంటలప్పుడు డీజిలు, 48కి సరుకు పైకి ఎక్కించడం, 24కి పనివాళ్లను ఇళ్లకు పంపడం. అప్పుడు ప్రతి పూటా కొత్తగా ఆలోచించే పని ఉండదు.

కంగారు పుట్టించే అబద్ధపు హెచ్చరిక వ్యాప్తి చేస్తే 2005 విపత్తుల నిర్వహణ చట్టం 54వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు. వ్యాపారుల గ్రూపుల్లో 'సోమశిల తెగిపోయిందంట' అని పంపే పెద్దమనుషులు ఇది గుర్తుంచుకోవాలి.

కృష్ణపట్నం పోర్టులో మూడో నంబరు, పదో నంబరు ఎగరేశారంటారు. అంటే?

అవి ఓడల కోసం పోర్టులో ఎగరేసే హెచ్చరిక సంకేతాలు. 1, 2 దూరంగా సముద్రంలో వాయుగుండమో తుపానో ఉందని. 3, 4 పోర్టుకే గాలివాన ముప్పు ఉండొచ్చని. 5 నుంచి 7 ప్రమాదం. 8 నుంచి 10 అతి ప్రమాదం. 11 అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. 5 నుంచి 10 దాకా ఒకే స్థాయిలో నంబరు మారితే తుపాను పోర్టుకు ఏ పక్క నుంచి దాటుతుందో తేడా, అంతే. ఎనిమిది కంటే పది ఎక్కువ ఘోరం అనుకోనక్కరలేదు.

తుపాను వస్తోందంటే రైతులంతా ఒకేసారి రొయ్య పట్టేస్తున్నారు, రేటు పడిపోతోంది. దీనికి కొనుగోలుదార్లం మేమేం చెయ్యగలం?

ఇక్కడే ప్రైవేటు వ్యాపారం చేతిలో అందరికంటే ఎక్కువ ఉంది. కరెంటు పోతే చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగుతాయి. మబ్బు పట్టి ఎండ లేక నీళ్లలో ఆక్సిజన్ ముందే తగ్గి ఉంటుంది. వాన నీరు పైన పొరగా నిలిచి ఉప్పదనం తగ్గిస్తుంది, రొయ్య గుల్ల విడిచి మెత్తబడుతుంది. తెల్లవారేసరికి చెరువు గట్టున రొయ్య తేలుతుందేమోనన్న భయంతో రైతు రొయ్య ఇంకా చిన్నదే అయినా పట్టేస్తాడు. ఒకే రోజు వందల చెరువులు దిగితే ఐసు చాలదు, లారీలు చాలవు, రేటు కూలుతుంది.

ప్రాసెసింగ్ కంపెనీలు, కమీషన్ ఏజెంట్లు సీజను మొదట్లోనే మండలం వారీగా వరస రాసుకుంటే సగం గొడవ తగ్గుతుంది. పల్లపు చెరువులు, గట్లు బలహీనంగా ఉన్నవి, రొయ్య పెద్ద సైజుకు వచ్చినవి ముందు. జనరేటరు, గట్టి గట్టు ఉన్నవి తర్వాత. ఐసు ఫ్యాక్టరీతో ఆ రెండు రోజులకు దిమ్మలు ముందే మాట్లాడి పెట్టుకోండి. రేటుకు కనీస హద్దు కూడా రాసుకుంటే బాగుంటుంది, ఒప్పుకునే కంపెనీలు తక్కువే అయినా. చెరువు ఉంచుకునే రైతుకు మేత ఏజెంట్లు నిజం చెప్పాలి: ఆ రెండు రోజులు మేత తగ్గించు, సున్నం సిద్ధంగా పెట్టుకో, పైపొర నీరు పోయేట్టు తూము చూసుకో. మేత అమ్మేవాడు మేత తగ్గించమంటే రైతు ఆ మాట జన్మలో మర్చిపోడు.

జనరేటరుకు డీజిలు ఎంత నిల్వ పెట్టుకోవచ్చు? కేసవుతుందా?

ఒకచోట మొత్తం 2,500 లీటర్లు మించకుండా, ఏ పాత్రా 1,000 లీటర్లు దాటకుండా ఉంటే డీజిలుకు లైసెన్సు అక్కర్లేదు. పెట్రోలుకు ఈ సడలింపు లేదు, దాన్ని డబ్బాల్లో దాచవద్దు. 62 కేవీఏ జనరేటరు పూర్తి లోడు మీద గంటకు సుమారు 12 నుంచి 14 లీటర్లు తాగుతుంది. రెండు రోజులకు 200 లీటర్ల డ్రమ్ములు మూడు, నాలుగు చాలు. డ్రమ్ములు నీళ్లలో తేలి దొర్లిపోకుండా గొలుసుతో కట్టండి.

ఒడిశా, బీహారు కూలీలు మా షెడ్లలోనే ఉంటారు. వాళ్లనేం చెయ్యాలి?

షెల్టరుకు పంపించాలి, అదీ యజమాని బండిలో, యజమాని బాధ్యత మీద. దండోరా తెలుగులో వేస్తారు, వాళ్లకు అర్థం కాదు. మేస్త్రీ చేత హిందీలోనో ఒడియాలోనో చెప్పించండి. ఎంతమంది ఉన్నారో పేర్ల జాబితా వీఆర్వోకు ఇవ్వండి, లేకపోతే ఊరి లెక్కలో వాళ్లు ఉండనే ఉండరు. ఆ రెండు రోజుల కూలి కొయ్యవద్దు. కోస్తారని తెలిస్తే షెడ్డు వదిలి కదలరు.

## గాలివాన, వరద రోజుల్లో

మా కల్యాణ మండపం శిబిరానికి ఇమ్మన్నారు. కార్తీకంలో పెళ్లిళ్ల బుకింగులున్నాయి, ఎట్లా?

ఇచ్చే రోజున హాలు, వంటగది, మరుగుదొడ్లు వీడియో తీసి, మీటరు రీడింగు రాసి, అప్పగింత కాగితం మీద సంతకం తీసుకోండి. కరెంటు, నీళ్లు, శుభ్రం చేసే ఖర్చు ఎవరిదో అందులోనే రాయించండి. బుకింగు కాగితంలో 'విపత్తు శిబిరానికి ఇవ్వవలసి వస్తే వేరే తేదీ లేదా డబ్బు వాపసు' అని ఒక వాక్యం ముందే ఉంటే పెళ్లివాళ్లతో గొడవ రాదు. ఆడవాళ్లకు విడిగా ఒక గది, ఆ గదికి లోపలి గడియ ఉండేట్టు చూడండి. ఇది మండపాల్లో ఎక్కువగా ఉండదు.

అన్నం పొట్లాలు పంచుదామనుకుంటున్నాం. ఎక్కడికి పోవాలి?

ముందు తహసీల్దారుకు ఫోను. లేకపోతే రోడ్డు పక్క కాలనీకి మూడు బండ్లు వెళ్తాయి, లోపలి గిరిజన కాలనీకి ఒక్కటీ వెళ్లదు. ప్రతిసారీ జరిగేది ఇదే. సాంబారన్నం తేమలో తొందరగా పాడవుతుంది, పులిహోర కాస్త నిలుస్తుంది. అన్నం కంటే మంచినీళ్లు, క్లోరిన్ బిళ్లలు, పాలపొడి, శానిటరీ ప్యాడ్లు, ఫోను చార్జింగు పెట్టుకునే జనరేటరు ఎక్కువ మంది అడుగుతారు.

డిమాండు ఉంది కాబట్టి రెండు రూపాయలు ఎక్కువకు అమ్మితే తప్పేంటి?

ప్యాకెట్టు సరుకు ఎమ్మార్పీకి మించి అమ్మడం నేరం, తుపానున్నా లేకున్నా. విడి సరుకు సంగతి మీ ఇష్టం. నీళ్ల క్యాను వంద రూపాయలకు అమ్మినవాడి పేరు ఊళ్లో ఎన్నాళ్లు చెప్పుకుంటారో మీకు మేం చెప్పనక్కర్లేదు.

## నీళ్లు తగ్గాక

కరెంటు వచ్చింది. మునిగిన మోటార్లు, ప్యానెల్ బోర్డు ఆన్ చెయ్యొచ్చా?

వద్దు. మెయిను దించే ఉంచండి. ఎలక్ట్రీషియను వచ్చి మోటారు విప్పి ఆరబెట్టి, మెగ్గర్ అనే పరికరంతో ఇన్సులేషన్ చూసి సరే అన్నాకే. ఆత్రపడి స్విచ్చి వేస్తే మోటారు కాలిపోవడం ఒకటైతే, తడి నేల మీద మనిషికి షాకు కొట్టడం రెండోది. తెగిన లైను కనపడితే 1912కు చెప్పండి.

బీమా క్లెయిముకు ముందు ఏం చెయ్యాలి? సరుకు కుళ్లుతోంది, సర్వేయరు రాలేదు.

అదే రోజు కంపెనీకి మెయిలు పెట్టండి, క్లెయిము నంబరు తీసుకోండి. తర్వాత ఫొటోలు. గది మొత్తం, గోడ మీద నీటి మరక, తడిసిన బస్తాల నెట్టు, బస్తా మీది ముద్ర, ఈ వరసలో తియ్యండి. మిల్లులో కింది వరస ఒక్కటే మునిగినా గోతం తేమ పీల్చి పైవరసలకు పాకుతుంది, రెండు రోజుల్లో చెయ్యి పెడితే వేడిగా తగులుతుంది. కాబట్టి పొడి బస్తాలు వెంటనే విడదీసి ఎండబెట్టండి. నష్టం పెరగకుండా చూడటం మీ బాధ్యతే. పారెయ్యవలసి వస్తే మెయిలులో చెప్పి, తూకం వేసి, ఒక బస్తా నమూనా ఉంచండి.

బ్యాంకు కిస్తీలు కట్టలేం. మాఫీ ఉంటుందా?

మాఫీ వేరు, వాయిదా వేరు. ప్రకృతి వైపరీత్యం దెబ్బతీసిన ప్రాంతాల్లో రుణాల గడువు మార్చడానికి, కొత్త అప్పు ఇవ్వడానికి రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలున్నాయి. రాష్ట్ర, జిల్లా బ్యాంకర్ల సమావేశంలో నిర్ణయం జరుగుతుంది. అది మీ ఖాతాకు తనంతట తాను వర్తిస్తుందనుకోవద్దు, దరఖాస్తు ఇవ్వండి. సంఘం తరఫున లీడ్ బ్యాంకు మేనేజరుకు ఒకే ఉత్తరం పోతే తొందరగా కదులుతుంది.

నీళ్లు వచ్చిన ఎత్తుకు గోడ మీద గీత గీయమంటున్నారు. దేనికి?

జనరేటరు దిమ్మె, స్విచ్ బోర్డు, కంప్యూటరు సర్వరు, కింది అర, ఇవన్నీ ఆ గీతకు రెండడుగుల పైన ఉండాలి కాబట్టి. ఎర్ర పెయింటుతో గీసి పక్కన తేదీ రాయండి. మీ ఇరుగుపొరుగు షాపులవీ కలిపి ఆ ఎత్తులు మున్సిపల్ ఇంజనీరుకు ఇవ్వండి, కాలువ పని అంచనాలకు పనికొస్తాయి. గోడౌను అద్దెకు తీసుకునేటప్పుడు యజమానిని అడగండి, 2021లో నీళ్లు ఎంతవరకు వచ్చాయని. చెప్పకపోతే పక్క టీకొట్టు ఆయన చెబుతాడు.